గానుగ నిలిచిననాటి విందు

ఏడాది పొడవున తన యొద్ద పాటుపడినవారికి యజమాని యొకనాడు కడుపునిండ విందు పెట్టుట మనకు క్రొత్తగా వచ్చిన యాచారము గాదు. కళ్ళమున రాశి లేచిననాడు జీతగాండ్రను పస్తుంచిన కాపును మన యూళ్ళెన్నడును మెచ్చలేదు. నేడు మిల్లులును కంపెనీలును ఆ కళ్ళపు మర్యాదనే ‘స్టాఫ్ పార్టీ’ యను పేర, తఱచుగా డిసెంబరు కడపటి వారమున, జరుపుచున్నవి. విందు మంచిదే. కాని యది యెన్నడు జరుగవలయును, ఎవరిని బిలువవలయును, ఎట్లు వడ్డింపవలయును అను మూడు ప్రశ్నలకు సమాధానము ముందుగా నాలోచింపనిచో విందు వ్యయముగా మిగులును గాని మర్యాదగా మిగులదు.

మొదట దినమును గూర్చి విచారింతము. 1923లో నారంభమై 1931లో ముగిసిన నిజాంసాగరము మంజీర నీటిని ఈ సీమకు మళ్ళించినది. ఆ కాలువల క్రింద చెఱకు పెరిగినది. 1937లో బోధను చెంత నిజాం చక్కెర కర్మాగారము వెలసి, శక్కర్‌నగరమను క్రొత్త యూరికి ప్రాణము పోసినది. నాటినుండి ఇచ్చటి పనివాని పంచాంగమును చెఱకే వ్రాసినది. గానుగ సాధారణముగా నవంబరు ప్రాంతమున మొదలై మార్చి, ఏప్రిలు నెలలలో ముగియును. నఱికిన చెఱకును ఇరువదినాలుగు గంటలలో నాడింపవలయుననుట నియమము. ఆలసించినకొలది గడలోని చక్కెర తఱుగును, తూకము తఱుగును, రైతు నష్టపడును. కావున బాయిలరు రగిలిన తరువాత రేయింబవళ్ళు పని నడువవలసినదే. ఇట్టి చోట డిసెంబరు నెలాఖరున విందనగా నర్థమేమి? ఆఫీసువారు భుజింతురు, గానుగకడ నున్నవాడు పొగ మింగును. పోనీ, దసరా నాడందమా? ఆయుధపూజ చేసి కొబ్బరికాయ కొట్టుట సబబే. కాని బతుకమ్మకును జమ్మికిని ఎవరి యూరికి వారు పోవలెనని మనసు లాగుచుండగా వారిని కంపెనీ పందిటిలో గూర్చుండబెట్టుట సెలవిచ్చుట గాదు, సెలవు హరించుట. తగిన దినము గానుగ నిలిచిన మఱునాడే. అది ఉగాదికి దగ్గఱగా వచ్చుట మన యదృష్టము.

రెండవ ప్రశ్న అచ్చటనే పుట్టును. చక్కెర మిల్లులో పర్మనెంటు ఉద్యోగులు కొందఱు, సీజను ఉద్యోగులు కొందఱు. గానుగ నిలువగానే సీజనువారు మూట గట్టుకొందురు. విందును పది దినములు వాయిదా వేసితిమా, రాత్రింబవళ్ళు శ్రమించినవారు లేకయే విందు జరుగును. మఱి చెఱకు నఱికినవారును, బండ్లు లారీలు తోలినవారును మిల్లు హాజరుపట్టీలో నుండరు. వారిని బిలువనిచో ఆ విందు ఎవరి కష్టముపై జరుగుచున్నట్లు? ఈ ప్రశ్న చక్కెర మిల్లులకు మాత్రమే చెందినది గాదు. నిజామాబాదు పసుపు యార్డులో బస్తాలెత్తు హమాలీలు, బియ్యపు మిల్లులలోని దినకూలీలు, ఇంటికడ బీడీలు చుట్టు స్త్రీలు ఎవరి విందు పట్టీలో నున్నారు? ఆ పట్టీని వ్రాయునపుడు జీతపు పుస్తకమును గాక, జరిగిన పనిని ముందుంచుకొని వ్రాయవలయును.

కరేబియను సముద్రములోని బార్బడోసు ద్వీపమున ‘క్రాప్ ఓవర్’ అను పండుగ కలదు. చెఱకు కోత ముగిసిన సంతోషమున తోటలలో పుట్టిన వేడుక యది. నడుమ నంతరించి, 1974లో మరల నుద్ధరింపబడి, ఆ దేశమునకు పెద్ద పండుగయైనది. కాని దాని తొలినాళ్ళలో నాడిపాడినవారు బానిసలు. తోటల యజమానులే వారికిని యజమానులు. ఆ యొక్కనాటి వేడుక వారి సంకెళ్ళను సడలింపలేదు. హక్కునకు బదులుగా పెట్టిన విందు ఎంత తీపియైనను చేదే. మన దేశమున చట్టము అర్హులైన పనివారికి, లాభనష్టములతో నిమిత్తము లేక, జీతముపై నూటికి 8.33 వంతులు కనీస బోనసుగా నిర్ణయించినది. బోనసు హక్కు, విందు మర్యాద. ఒకదానిని వేఱొకదాని ఖాతాలో వ్రాయరాదు. విందు పేర జీతములో చందా కోయనే రాదు.

ఇక వడ్డన. ఈ సీమలో తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడును వినవచ్చును. కాలువల వెంట కృష్ణా, గుంటూరు జిల్లాలనుండి వచ్చి క్యాంపులలో స్థిరపడిన రైతు కుటుంబములు నున్నవి. ఒకరి రుచిని మఱియొకరిపై రుద్దరాదు. కోరువారికి బగారన్నము, మాంసపు కూర. శాకాహారులకు పప్పు, పచ్చిపులుసు, వంకాయకూర వేఱు పొయ్యిమీద. మాంసము హలాలుదైనచో ముస్లిములు నిశ్చింతగా భుజింతురు. రంజాను మాసము ఏటేట సుమారు పదునొకండు దినములు ముందునకు జరుగును; 2026, 2027 సంవత్సరములలో నది ఫిబ్రవరి, మార్చి నెలల నడుమ బడుచున్నది. గానుగ ఆ మాసముననే నిలిచినచో పగటి విందు మాని, సూర్యాస్తమయమైన పిదప పెట్టుటయే న్యాయము. భక్ష్యములలోని బెల్లము ఈ నేల చెఱకుదే కావలయును. కాపలా కాయువారికిని, బాయిలరుకడ నిలిచినవారికిని అడుగంటిన గిన్నెలు మిగులరాదు; వారికై రెండవమాఱు వండవలయును. ఆలుబిడ్డలను తప్పక బిలువవలయును. మేనేజరునకు వేఱు బల్ల వేయక, ఆయన విస్తరియు అందఱి బంతిలోనే వేయవలయును. ఉపన్యాసము ఒక్కటి చాలును. ఆకలిగొన్నవారికి అదియు నెక్కువే.

ఇదంతయు విందును గూర్చిన చిన్న మాటయని కొందఱు తలపవచ్చును. 2002లో నిజాం చక్కెర కర్మాగారపు పెత్తనము ప్రైవేటు చేతికి పోయినది. 2015 డిసెంబరులో, గానుగ ముమ్మరముగా నాడవలసిన దినములలో, లే-ఆఫ్ ప్రకటింపబడి దాని తలుపులు మూతపడినవి. మిల్లు మూతపడిననాడు పనివాడు జీతము నొక్కటే కోల్పోడు. తోడివారితో గూర్చుండు బంతిని గూడ కోల్పోవును. బోధను సీమవారు ఈ లోటు నెఱిగినవారు. కావున పొలముగలవారును, మిల్లు గలవారును, దుకాణము గలవారును ఈ యేడు విందునకు పందిరి వేయుటకు ముందు ఒక్క పని చేయుదురు గాక: ఎన్ని వంటకములని గాక, ఎంతమంది మనుష్యులని మొదట లెక్కింతురు గాక. ఆ లెక్క సరిపడినచో పప్పన్నమైనను పండుగయే.