తోమిన నాణెము, తరిగిన విలువ

పూర్వము నిజాం సంస్థానమున చేరియుండిన కామారెడ్డి, ఎల్లారెడ్డి సీమలలో పెద్దల భోషాణము తెఱచినవారికి హాలీ రూపాయలు కంటబడుట వింత గాదు. వానిని చింతపండుతో తోమి, ఆ తళుకును చూచి ప్రూఫ్ నాణెమని భ్రమించుటయు, వెండి తూకమునకు అమ్ముకొనుటయు రెండును నష్టమే.

ప్రూఫ్ నాణెము వాడుకకై పుట్టినది కాదు. మెఱుగుపెట్టిన బిళ్లను మెఱుగుపెట్టిన అచ్చుల నడుమ నుంచి పలుమాఱు అదిమి ముద్రింతురు. అందుచే అక్షరముల అంచులు వాడిగాను, వాని వెనుకటి నేల అద్దమువలెను ఉండును. తోమగా వచ్చిన మెఱుపునో, భూతద్దము క్రింద సన్నని గీతలే బయటపెట్టును.

ఇక పోల్చుట యెట్లు? చార్మినారు ముద్రగల హాలీ రూపాయి తూకము సుమారు 11.18 గ్రాములు, వెండి సాధారణముగా నూటికి 81.8 పాళ్లు. ద్వారమున మీమ్ అక్షరమున్నది మహబూబ్ అలీఖాను కాలపుది. అయిన్ ఉన్నది 1911లో గద్దె నెక్కిన ఉస్మాన్ అలీఖాను కాలపుది. ఆ అయిన్ పొట్టిదా, పూర్తిదా యనుటయు గమనింపదగిన భేదమే.

అమెరికాలో 1986లో పి.సి.జి.ఎస్., 1987లో ఎన్.జి.సి. అను పరీక్షాసంస్థలు వెలసినవి. అవి 1949 నాటి షెల్డన్ మానమును సవరించి, నాణెమునకు 1 మొదలు 70 వరకు అంకె నిర్ణయించి, పారదర్శకమైన డిబ్బీలో బిగించి యిచ్చును. సామాన్య నాణెమునకు ఆ రుసుము దండుగ, అపురూపమైనదానికి రక్ష. కావున మొదట తూచి, పోల్చి, పిమ్మట పంపుడు. తోముట మాత్రము వలదు. పోయిన నునుపును ఏ పరీక్షకుడును తిరిగి తేజాలడు.