మూస మన్నిక

ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వానయే పడు అనంతపురం పీఠభూమిలో పంట తప్పిన యేడు కూడ కంచరి యింటిని నిలుపునది కొలిమి. లోహముతో నిండిన మూస నిప్పులలో పగిలినచో ఆనాటి బొగ్గును, శ్రమయు, కొంత లోహమును వ్యర్థమగును.

మూస ఆయువు దాని మట్టిని బట్టియు, వాడుకను బట్టియు ఉండును. పూర్వము తెలంగాణమునందలి కోనసముద్రములో ఉక్కు చేయువారు మట్టి మూసను ఒక్కసారికే వాడి, పగులగొట్టి ఉక్కుముద్దను తీసెడివారు. గ్రాఫైటు, బంకమన్ను కలిపి కాల్చిన మూస పలుమార్లు పనికివచ్చును. రాగి కరగుటకు కావలసిన 1085 డిగ్రీల సెంటిగ్రేడు వేడిని అది చక్కగా తాళగలదు.

అయినను దానికి శత్రువులు మూడు. మొదటిది తేమ. మూస పీల్చిన తేమ హఠాత్తుగా వేడి తగిలినచో ఆవిరియై గోడను చీల్చును. కనుక దానిని పొడిచోట నుంచి, వాడుటకు ముందు సన్నని సెగపై మెల్లగా కాచవలెను. రెండవది బిగింపు. కూరిన లోహపు ముక్కలు వేడికి వ్యాకోచించి మూసను పగులగొట్టును, వదులుగా వేయవలెను. మూడవది వెలిగారము. మితిమీరినచో అది గోడను తినివేయును. లోహము కరగిన పిదప కొద్దిగా చల్లిన చాలును.

పోత ముగిసిన వెంటనే, మూస వేడిగా నుండగనే చిట్టెమును మెల్లగా గీకివేయవలెను. మిగిలిన లోహమును అందులో గడ్డకట్టనీయరాదు. పటకారు మూస కడుపునకు సరిగా అమరవలెను. అంచు పట్టి లేపరాదు. గోడ పలుచబడినను, సన్నని బీట కనిపించినను ఆ మూసను విడిచిపెట్టవలెను. క్రొత్త మూస వెలకంటె, కాళ్లపై పడు కరగిన లోహము చేయు కీడు ఎక్కువ.