బండి వెనుక పీట, మోకాటికి చోటు



నేడు నేను ముచ్చటింపబోవు విషయము వినగానే కొందఱికి నవ్వు రావచ్చును. గాల్ఫు బండికి వెనుక నొక పీట అమర్చుట యెట్లు, అమర్చునపుడు కూర్చున్నవారి కాళ్ళకు చోటు తగ్గకుండ చూచుకొనుట యెట్లు అనునదే ఆ విషయము. వజ్రకరూరులో గాల్ఫు ఎక్కడిది? తొలకరి పడిన మరునాడు చేలలో తలవంచి వజ్రముల కొఱకు వెదకు మనకు ఆ బంతులతో నేమి పని? ఈ ప్రశ్న న్యాయమైనదే. ఓపికతో వినుడు, పని యున్నదో లేదో చివరకు మీరే చెప్పుదురుగాక.

గాల్ఫు అనగా విశాలమైన పచ్చిక బయలులో కఱ్ఱతో చిన్న బంతిని కొట్టుచు, ఒకదాని వెంట నొకటిగా పదునెనిమిది గుంటలలో వేయు ఆట. మన దేశమున కలకత్తాలో 1829 లోనే దీనికొక సంఘ మేర్పడెను. మన తెలుగుసీమలో గోలకొండ కోటకు చేరిన నయా ఖిల్లాలో ఈ ఆటకు మైదానము కలదు. వజ్రములకు జగత్ప్రసిద్ధి గాంచిన గోలకొండలో నేడు తెల్లని బంతులకై వెదకుచున్నారన్నమాట! ఇంత దూరము నడువలేని ఆటగాండ్ర కొఱకు అమెరికాలో విద్యుత్తుతో నడుచు చిన్న బండ్లు బయలుదేరెను. 1954 లో జార్జియా రాష్ట్రపు అగస్టా పట్టణమున పుట్టిన ఈ-జీ-గో అను సంస్థ వీనిని చేయువారిలో పేరెన్నికగన్నది. ఆటకై పుట్టిన ఆ బండియే నేడు మన రైల్వే స్టేషనులలో ముసలివారిని ప్లాట్‌ఫారముపై మోయుచున్నది. బ్యాటరీ కారు అని మనము పిలుచునది దాని వంశములోనిదే.

ఇక నా కథకు వత్తును. నా పూర్వవిద్యార్థి యొకడు మన ప్రాంతముననే చీనీతోట వేసికొని, తోట నడుమ ఇల్లు కట్టుకొని తల్లిదండ్రులతో నున్నాడు. తండ్రికి ఎనుబది దాటినవి. ఆయన కుడి మోకాలు సగమునకు మించి మడువదు. ఇది మన జిల్లాలో క్రొత్త సంగతి కాదు. త్రాగు నీటిలో ఫ్లోరైడు లీటరునకు ఒకటిన్నర మిల్లిగ్రామునకు మించరాదని ప్రమాణము. మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినవారికి ఎముకలు గట్టిపడి, కీళ్ళు బిగిసిపోవును. బోరు నీటినే నమ్ముకొని బ్రతికిన మన తరమువారిలో ఇట్టి మోకాళ్ళు ఎన్ని యున్నవో, వినుచున్న మీకు నాకంటె బాగుగ తెలియును.

తోట గేటునుండి ఇంటికి అర మైలు ఎఱ్ఱమట్టి బాట. మోటారు సైకిలు వెనుక ఆ పెద్దాయన కూర్చుండలేడు. ఆటోలో కాలు పట్టదు. కుమారుడు బెంగుళూరునుండి ఇద్దరు కూర్చుండు పాత గాల్ఫు బండి నొకదానిని కొని తెచ్చెను. కుమారుడు నడుపగా తండ్రి ప్రక్కన కూర్చుండెను. తల్లి మాత్రము బండి వెనుక నడచి వచ్చెను. రెండు దినములు అట్లు జరిగెను. మూడవనాడు పెద్దాయన, "అరువది యేండ్లు నా వెంట నడచినది చాలదా? ఆమెకు చోటు లేని బండి నాకును వద్దు" అని గేటు దగ్గరనే బండపై కూర్చుండెను. ఎంత బ్రతిమాలినను లేవలేదు. ఆనాడు ఆలుమగలిద్దరును నడచియే యిల్లు చేరిరి. అందుకు ఒక గంట పట్టెనట.

కుమారుడు బండిని ఒక వెల్డింగు పనివాని యొద్దకు గొనిపోయెను. అతడు ముందు పీటను నాలుగంగుళములు ముందునకు జరిపి, వెనుక మిగిలిన చోట ముందువైపు చూచునట్లే మరియొక బల్ల బిగించెను. కంటికి నాలుగు మనుష్యుల బండివలెనే యున్నది. కాని పెద్దాయన మోకాలు ముందరి పలకకు కొట్టుకొనెను. వెనుక కూర్చున్న ఆమె మోకాళ్ళు ముందు పీట వీపునకు నొక్కుకొనెను. ముందు చోటును పోయినది, వెనుక చోటును రాలేదు. అప్పుడతడు నా యొద్దకు వచ్చి, "అయ్యవారూ, మీరు త్రాసు పాఠము చెప్పిన దినములు జ్ఞాపకమున్నవి, ఒకసారి వచ్చి చూడుడు" అనెను. నేను తెలుగు పండితుడను. అయినను లెక్కల అయ్యవారు లేని రెండేండ్లు తులాదండము పాఠము నా నెత్తిననే పడెను. ఆ పుణ్యము ఇన్నాళ్ళకు అక్కరకు వచ్చెను.

మొదట కొలతలు తీసితిమి. పీటపై నిటారుగ కూర్చున్న మనుష్యునికి వీపునుండి మోకాటి కొన వరకు సుమారు 22 లేక 23 అంగుళములుండును. మోకాటి ముందు మూడంగుళములైనను ఖాళీ యుండవలెను. ముందు పీట వీపు మందము మరి మూడు నాలుగంగుళములు. అనగా ఒకరి వెనుక నొకరు ఒకే దిక్కునకు చూచుచు కూర్చుండవలెనన్న, పీటకు పీటకు నడుమ ఇంచుమించు 30 అంగుళములు కావలెను. ఆ బండిలో ముందు పీట వెనుక, ఆటకఱ్ఱల సంచి పెట్టుకొను చోట, నున్నది 16 అంగుళములే. బండి చట్రమును కోసి పొడిగించిననే గాని ఆ పదునాలుగంగుళములు ఎక్కడనుండియు రావు. ముందు పీటను జరిపి సంపాదింపవచ్చునని భ్రమపడుట, ఎడమచేతి అప్పు కుడిచేతితో తీర్చుటయే.

మరి మార్గమేమి? గుంతకల్లు స్టేషనునుండి జట్కాలో వచ్చినవారు మీలో చాలమంది యుందురు. లోపల గడ్డిపై కూర్చున్న పెద్దలు కాళ్ళు ముడుచుకొని యవస్థపడుచుండగా, చివర కూర్చున్న పిల్లవాడు వెనుకకు తిరిగి కాళ్ళు బయటికి వ్రేలాడదీసికొని సుఖముగ నుండెడివాడు. చోటు వానికి బండిలో లేదు. బండి బయట నున్నది. ఉత్తరదేశపు టాంగా కూడ ఈ యుక్తితోనే కట్టబడినది. ముందువారును వెనుకవారును వీపునకు వీపు ఆనించి కూర్చుందురు. గాల్ఫు బండికిని ఇదియే తగిన ఉపాయము. వెనుకకు తిరిగి కూర్చున్నవానికి పీట లోతు 16 అంగుళములైన చాలును. మోకాటి దిగువ భాగము వెనుక వ్రేలాడి, క్రింద నమర్చిన పాదపు పలకపై ఆనును. ఎదుట ఇంకొక పీట లేదు గనుక మోకాలు దేనికిని తగులదు. ముందు పీట మొదటి చోటనే యుండును. దాని క్రిందనే బ్యాటరీల పెట్టె యుండుటచే దానిని కదల్పకుండుటయే అన్ని విధముల మేలు.

ముందు పీటను మరల వెనుకకు తెచ్చి, పెద్దాయన కూర్చుండు వైపున రెండంగుళముల మెత్త అదనముగ వేయించితిమి. పీట ఎత్తైనకొలది తొడ ముందునకు వాలి, మోకాలు తక్కువగ మడిచినను సరిపోవును, లేచునపుడును సులువు. కాళ్ళ చోటు నేలమీది పొడవులోనే యున్నదనుకొందుము గాని, కొంత ఎత్తులోను దాగియుండును.

ఇంతవరకు సుఖము. ఇప్పుడు కష్టము. ఎద్దులబండికి వెనుక బరువు ఎక్కువైనచో కాడి పైకి లేచి ఎద్దుల మెడ పట్టీ బిగియునని మనకు తెలియును. అందుచేతనే మూటలు వేయునపుడు ఇరుసునకు ముందెంత, వెనుకెంత యని చూచుకొందుము. నాలుగు చక్రముల బండికి ఆ చింత లేదని యువకులు తలంతురు. ఉన్నది. మా బండి రెండిరుసుల నడిమి దూరము 66 అంగుళములు. వెనుక పీటపై కూర్చున్నవారి బరువు వెనుక ఇరుసునకు 11 అంగుళములు వెనుకగా పడుచున్నది. ఇద్దరును కలిసి 120 కిలోలనుకొందము. 120 ని 11 చేత గుణించి 66 చేత భాగించినచో 20 వచ్చును. అనగా ముందు చక్రములపై 20 కిలోలు తగ్గి, వెనుక ఇరుసుపై 120 గాక 140 పెరుగును. సమతలమున ఇది సహింపదగినదే. ముందు పీట క్రింద బ్యాటరీల బరువే ఒక కాపు: ఎనిమిది వోల్టుల సీసపు బ్యాటరీలు ఆరు కలిసి సుమారు 170 కిలోలుండును. (వీనిని తీసివేసి తేలికయైన లిథియము బ్యాటరీలు పెట్టువారు ఈ కాపు పోవునని గుర్తుంచుకొనవలెను.) కాని పాదపు పలకపై ఎవడైన నిలువబడినచో? పలక ఇరుసునకు 22 అంగుళముల దూరమున నున్నది. 90 కిలోల మనుష్యు డొక్కడు దానిపై నిలిచినచో ముందు చక్రములు 30 కిలోలు తేలికపడును. కూర్చున్న ఇద్దరికంటె నిలిచిన ఒక్కడే ఎక్కువ అపాయము! చెరువుకట్ట వంటి ఎగువ యెక్కునపుడు బరువు ఇంకను వెనుకకు జారును. ముందు చక్రములు నేలను గట్టిగ పట్టవు. స్టీరింగు త్రిప్పినను బండి మాట వినదు.

లెక్కను నమ్మి మనుష్యులను ఎక్కించుట నాకిష్టము లేకపోయెను. నలుబది కిలోల శనక్కాయల మూటలు మూడు వెనుక పీటపై కట్టించి, నా శిష్యుని ఒక్కనినే నడుపుమంటిని. వెనుక కమాను పట్టీలు మిక్కిలి క్రుంగి, గుంతలో చక్రము పైకప్పునకు రాచుకొనెను. అందుచే ఇరుప్రక్కల కమానులకు ఒక్కొక్క పట్టీ చేర్పించితిమి. పీట చట్రమునకు యాంగిలు ఇనుమునే వాడి, పైనున్న ప్లాస్టిక్కు తొడుగునకు గాక బండి అసలు చట్రమునకే బోల్టులతో బిగించితిమి. కొన్ని సంస్థల బండ్ల చట్రము అల్యూమినియముది; దానికి ఇనుమును వెల్డింగు చేయుట అసాధ్యము, బోల్టులే గతి. ఇనుప చట్రమైనను, బండిమీదనే వెల్డింగు చేయవలసివచ్చినచో ముందుగ బ్యాటరీల తీగెలు విప్పి, వానిని దూరముగ పెట్టవలెను. ఛార్జి యగునపుడు సీసపు బ్యాటరీలనుండి జలజనక వాయువు వెలువడును. దానికి ఒక నిప్పురవ్వ చాలును. ఈ మాట చెప్పినపుడు పనివాడు నవ్వెను గాని, విప్పి పెట్టెను.

వెనుకకు చూచుచు పోవువారికి బండి ఎప్పుడు ఆగునో, ఎప్పుడు మలుపు తిరుగునో ముందుగ తెలియదు. ఉన్నట్టుండి కదలినచో వెనుకకు జారి పడుదురు. కావున పీటకు ఇరువైపుల చేతికమ్ములు, నడుమునకు పట్టీ, పాదపు పలక అంచున కాలు జారకుండ రెండంగుళముల గట్టు పెట్టించితిమి. ఇట్టి బండ్లలో చాల వానికి బ్రేకులు వెనుక చక్రములకు మాత్రమే యుండును. కొత్తగ చేరిన బరువును ఆపవలసినవి అవే గనుక వానిని విప్పించి అరిగిన పట్టీలు మార్పించితిమి. ఖర్చు తగ్గింపవలెనని నా శిష్యుడు మొదట దీనినే వద్దనెను. నేను దీనినే పట్టుబట్టితిని.

ఒక హెచ్చరిక. ఈ బండి తోటలోనిది, రోడ్డుది కాదు. రిజిస్టరైన మోటారు బండి స్వరూపమును తయారీదారుడు నిర్ణయించిన వివరములకు భిన్నముగ మార్చరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52 వ సెక్షను చెప్పుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దానినే నొక్కి చెప్పెను. ఊరి బస్సు స్టాండు వరకు బ్యాటరీ బండి కావలెనన్నవారు, నలుగురు ప్రయాణికులకు అనుమతి గల ఈ-రిక్షాను చట్టప్రకారము కొనుట మంచిది. అయితే దానిలో ఎదురెదురు పీటల నడుమ మోకాళ్ళకు చోటెంతయో కొనుటకు ముందే నూలుతో కొలిచి చూచుకొనుడు. అమ్మువాడు మంచి పడుచువానిని కూర్చుండబెట్టి చూపును. మీరు మాత్రము మీ యింటి ముసలివానినే కూర్చుండబెట్టి చూడుడు.

పని ముగిసిన నాడు నేనును పోయితిని. వెనుక కూర్చుండుమని మొదట పెద్దాయననే అడిగితిమి. అక్కడ కాలు చాచుటకు చోటు ఎక్కువ. "ఎటు పోవుచున్నదో కనబడని బండి నేనెక్కను, అయ్యవారూ" అనెను. ఆయన ముందే కూర్చుండెను. మెత్త ఎత్తు సరిపోయి, మోకాటికిని ముందరి పలకకును నడుమ నాలుగు వ్రేళ్ళ చోటు మిగిలెను. ఆమె వెనుక పీటపై మనుమరాలితో కూర్చుండి, పట్టీ బిగించుకొని, గేటు దూరమగుచుండుటను చూచుచు పోయెను. ఇల్లు చేరువరకు ఒక్క మాటయు అనలేదు. దిగిన పిమ్మట మాత్రము, పాదపు పలక మరి బెత్తెడు క్రిందికి దింపినచో దిగుటకు సుఖముగ నుండునని చెప్పెను. చూడగా నిజమే, ఎత్తు కొలిచినపుడు మేము ఆమెను నిలువబెట్టి చూడలేదు. పలకకు కీలు అమర్చి మడచి దింపునట్లు చేయుటకు మరునాడే కొలత తీసికొంటిమి.