కాళ్ళ వాపు కిడ్నీ వల్లేనా?

ఎ.కొండూరు మండలంలో కాళ్ళు వాచాయంటే ఇంటిల్లిపాదీ కిడ్నీ అనే అనుకుంటారు. ఆ జబ్బు మన తండాల్లో ఎన్ని ఇళ్ళను కుదిపేసిందో చూసినవారికి ఆ భయం సహజమే. అయితే గుండె కుడి భాగం అలసిపోయినా కాళ్ళు వాస్తాయి. అందుకే వాపుతో వచ్చినవారి మెడ కూడా మేము చూస్తాం. తల కొంచెం ఎత్తులో పెట్టి పడుకోబెట్టినప్పుడు మెడ సిర ఉబ్బి కనిపిస్తే డాక్టరుగారికి చెబుతాం.

ఇలాంటి వాపు పశువులకూ వస్తుంది. అమెరికాలోని కొలరాడో కొండల్లో 7,000 అడుగులకు పైన మేసే ఆవులకు గంగడోలు దగ్గర, ముందుకాళ్ళ మధ్య నీరు చేరేది. గ్లోవర్, న్యూసమ్ అనే ఇద్దరు 1915లో దీన్ని వివరించారు. అంత ఎత్తులో ప్రాణవాయువు సరిగా అందదు. ఊపిరితిత్తుల్లోని సన్నని ధమనులు బిగుసుకుంటాయి. రోజులు గడిచేకొద్దీ వాటి గోడలు మందమవుతాయి. ఆ ఒత్తిడికి ఎదురుగా రక్తాన్ని తోసి తోసి గుండె కుడి గది సాగిపోతుంది. వేళకు కిందికి దింపితే చాలా ఆవులు కోలుకుంటాయి.

ఈ జబ్బు పరిశోధనకు ఎలుకలు చాలవా అని మా విద్యార్థినులు అడుగుతుంటారు. ఎలుక గుండె నిమిషానికి 300 సార్లకు పైగా కొట్టుకుంటుంది. పంది, గొర్రె, దూడల గుండె పరిమాణంలో మన గుండెకు దగ్గర. మనకు వాడే కాథెటర్‌నే లోపలికి పంపి ఒత్తిడి కొలవవచ్చు. దూడలను తక్కువ పీడనం గల గదిలో ఉంచుతారు. పందులకు ఊపిరితిత్తుల ధమని చుట్టూ పట్టీ బిగిస్తారు. మూగజీవాలకు ఇది బాధే, దాచడమెందుకు?

1991లో గొర్రెపిల్లల చేత నైట్రిక్ ఆక్సైడ్ వాయువు పీల్పించి చూశారు. ఊపిరితిత్తుల్లో ఒత్తిడి తగ్గింది, మిగతా శరీరంలో రక్తపోటు మాత్రం పడిపోలేదు. ఊపిరితిత్తుల రక్తపోటుతో నీలిరంగు తిరిగే నవజాత శిశువులకు ఇదే వాయువును వాడేందుకు అమెరికా 1999 డిసెంబరులో అనుమతించింది.

మనకు అంత ఎత్తు కొండలు లేవు గాని కట్టెల పొయ్యి పొగ ఉంది, బీడీ ఉంది, చిన్నప్పటి కీళ్ళవాత జ్వరంతో చెడిన గుండె కవాటాలున్నాయి. డయాలసిస్ చేయించుకునేవారికీ ఈ ఒత్తిడి రావచ్చు. కాబట్టి క్రియాటినిన్ పరీక్షతో పాటు గుండెకు ఎకో కూడా అవసరమా అని అడగండి. వాపుతో బాటు ఆయాసం ఉన్నా, నడుస్తుంటే కళ్ళు తిరిగినా ఆలస్యం చేయవద్దు. పక్కింటివారికి రాసిచ్చిన నీటి మాత్రలు తెచ్చి వేసుకోవద్దు.