తుపాను వేళ వాహన హామ్ రేడియో: నిర్వహణలో జాగ్రత్తలు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు విద్యుత్తుతోపాటు టెలిఫోన్, సెల్‌ఫోన్ సేవలు స్తంభించాయి. అటువంటి సమయాల్లో వాహనంలో అమర్చిన హామ్ రేడియో సహాయక సిబ్బందికి సమాచార సాధనం కాగలదు. అయితే పరికరాన్ని ముందుగానే సక్రమంగా అమర్చుకోవడం అవసరం.

50 వాట్ల ట్రాన్సీవర్ ప్రసార సమయంలో సుమారు 10 ఆంపియర్ల విద్యుత్తును వినియోగిస్తుంది. అందువల్ల సిగరెట్ లైటర్ సాకెట్‌పై ఆధారపడక, ఫ్యూజులు గల మందపాటి తీగలతో 12 వోల్టుల బ్యాటరీకి నేరుగా కలపాలి. ఇంజను ఆపి ఎక్కువసేపు ప్రసారం చేస్తే బ్యాటరీ క్షీణించి వాహనమే నిలిచిపోయే ప్రమాదం ఉంది.

144–146 మెగాహెర్ట్జ్ బ్యాండుకు దాదాపు అర మీటరు పొడవైన ఏంటెన్నాను లోహపు పైకప్పు మధ్యలో అమర్చాలి. ఈ తరంగాలకు కొండలు, భవనాలు అవరోధం కనుక వాహనాన్ని ఎత్తయిన ప్రదేశంలో నిలపాలి. ఏంటెన్నా కలపకుండా ప్రసారం చేస్తే పరికరం దెబ్బతింటుంది.

పరికరాన్ని లైసెన్సు పొందినవారే నిర్వహించాలి. ముందుగా ఆలకించి, ఎవరూ మాట్లాడడం లేదని నిర్ధారించుకున్న తరువాతే కాల్‌సైన్ తెలిపి ప్రసారం ప్రారంభించాలి. ఆపదలో ఉన్నవారి పిలుపునకే ప్రథమ ప్రాధాన్యం ఇవ్వాలి. స్థలం, బాధితుల సంఖ్య, కావలసిన సహాయం క్లుప్తంగా తెలిపి, అందుకున్నవారిచే తిరిగి చదివించుకోవాలి. ఒక్క అంకె పొరపడినా సహాయం వేరొక చోటికి వెళ్లవచ్చు.