టీకా వేసే చేతికీ చదువు కావాలి

పసిపిల్లకు టీకా వేయించడానికి వెళ్ళినప్పుడు మన కళ్ళెక్కడుంటాయో చెప్పండి? పిల్ల మొహం మీదే కదూ! ఎప్పుడు కెవ్వుమంటుందో, ఎలా ఊరుకోబెట్టాలో, అదే ధ్యాస. సూది పట్టుకున్న చేతికి ఆ పని ఎవరు నేర్పారో, ఎప్పుడు నేర్పారో మనకు పట్టదు. కూరగాయల బండి దగ్గర బెండకాయ కొన తుంచి చూస్తాం. ఇక్కడ మాత్రం నోరెత్తకుండా పిల్ల తొడ అప్పజెప్పేస్తాం.

మా ఆడపడుచు కూతురు భద్రాచలం అవతల అడవి పల్లెల్లో ఏఎన్ఎంగా చేస్తోంది. ఖమ్మంలో ట్రైనింగ్ ఉన్నప్పుడల్లా ఖానాపురం హవేలిలో మా ఇంట్లోనే దిగుతుంది. "ఇన్నేళ్ళుగా సూదులు వేస్తున్నావు, ఇంకా నేర్చుకునేదేముందే?" అని అడిగాను. "అత్తయ్యా, నువ్వు పెళ్ళైన కొత్తలో వాడిన కిరోసిన్ స్టవ్ మీదే వండుతున్నావా ఇప్పుడు? మందులు మారాయి, సూదులు మారాయి, మేం మారొద్దా?" అంది. ఆ రాత్రి కూర తరుగుతూ కూచుని ఆ పిల్ల చేత అన్నీ చెప్పించుకున్నాను. మీక్కూడా పనికొస్తాయని రాస్తున్నాను.

ఉడకబెట్టిన సూది నుంచి బిగుసుకుపోయే సిరంజి దాకా

మన దేశంలో పిల్లలందరికీ టీకాల కార్యక్రమం 1985లో మొదలైంది. మా తరం వాళ్ళకు గాజు సిరంజీలు గుర్తుండే ఉంటాయి. స్టీలు పెట్టెలో వేసి సలసలా మరిగించేవారు. సరిగ్గా మరిగాయో లేదో ఆ దేవుడికే తెలియాలి. ఇప్పుడు సర్కారు టీకాలన్నిటికీ వాడేది ఒక్కసారి నొక్కగానే బిగుసుకుపోయే సిరంజి. రెండోసారి వాడదామన్నా మందు లోపలికి లాగదు. వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టకూడదు, అక్కడికక్కడే కట్టర్‌లో తుంచేయాలి. మూత పెట్టబోయి వేలికి గుచ్చుకుంటే రోగం అంటేది ఆ సిస్టర్‌కే మరి.

టీకాల పట్టిక కూడా ఇదివరకటిది కాదు. 2016 సంగతే చూడండి. ఆ ఏప్రిల్ 25న దేశమంతటా పాత పోలియో చుక్కల మందు తీసేసి కొత్తది పెట్టారు. అదే జూన్‌లో హైదరాబాద్ మురుగునీటి పరీక్షలో రెండో రకం పోలియో వైరస్ బయటపడింది. వెంటనే హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో పిల్లలకు పోలియో ఇంజెక్షన్లు వేశారు. అది తొడ కండలో వేసే అర మిల్లీలీటరు మోతాదు కాదు, అందులో అయిదో వంతు. దాన్ని చర్మం పొరలోనే వేయాలి. సూది పడిన చోట నిమ్మతొక్కలా చిన్న బొబ్బ లేవాలి. కాస్త లోతుగా దిగిందా, మోతాదు చాలదు. చెయ్యి తిరగనిదే అయ్యే పని కాదది. అందుకే ముందు నేర్పి, తరవాతే సూది చేతికిచ్చారు. ఇప్పుడది మామూలు పట్టికలోనే ఉంది. 2017లో తట్టు, రుబెల్లాలకు కలిపి ఒక టీకా, 2019లో మన రాష్ట్రానికి రోటా చుక్కలు, 2021లో న్యుమోనియా టీకా వచ్చాయి. ఒక్కోటి ఒక్కో చోట, ఒక్కో మోతాదు. ఒకప్పుడు నేర్చుకున్నదే పట్టుకు కూచుంటే ఎట్లా?

వేడే కాదు, చలీ శత్రువే

మా ఖమ్మం, కొత్తగూడెం ఎండలు మీరు వినే ఉంటారు. టీకా మందులకు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం ఉండాలి. అయితే ఎండ భయంతో మరీ గడ్డకట్టించినా కొన్ని మందులు చచ్చిపోతాయట! ఇది విని నేను ఆశ్చర్యపోయాను. పెంటావాలెంట్, హెపటైటిస్-బి, ధనుర్వాతం మందులు ఒక్కసారి గడ్డకట్టాయంటే మళ్ళీ కరిగించినా పనికిరావు. ఫ్రీజర్‌లో పెట్టి తీసిన పెరుగు విరిగి నీళ్ళూ గడ్డలూ విడిపోదూ, అలాంటిదేననుకోండి. అందుకని డబ్బాలో పెట్టే మంచు ప్యాకుల్ని ఫ్రీజర్ నుంచి తీసీ తియ్యగానే పెట్టకూడదు. కాసేపు బయట ఉంచి, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్ళ చప్పుడు వినిపించాక పెట్టాలి. ట్రైనింగ్‌లో ప్రతిసారీ ఇది చేయించి చూస్తారట.

సీసా మీద ఒక చిన్న గుండ్రం, అందులో తెల్లని చదరం ఉంటుంది. మందుకు వేడి తగిలేకొద్దీ ఆ చదరం ముదురుతుంది. చుట్టూ ఉన్న గుండ్రం రంగుకు వచ్చేసిందంటే ఆ సీసా పారేయాల్సిందే. చదవడం రాని తల్లి కూడా పోల్చుకోగలదు. మీరూ ఓసారి అడిగి చూడండి, సిస్టర్ సంతోషంగానే చూపిస్తుంది. కానీ అది వేడి సంగతే చెబుతుంది, గడ్డకట్టిన సంగతి చెప్పదు సుమా!

నాలుగు గంటల లెక్క

బీసీజీ, తట్టు టీకాలు పొడి రూపంలో వస్తాయి. వాటితో పాటే వచ్చిన ద్రావకంతోనే కలపాలి. కలిపిన టైము సీసా మీద రాయాలి. 4 గంటలు దాటితే ఎంత మిగిలినా పారబోయాలి. పెంటావాలెంట్ లాంటివి అలా కాదు. జాగ్రత్తగా ఉంచితే తెరిచాక కూడా 28 రోజులు వాడొచ్చు. అయితే ఆవకాయ జాడీకి తడి తగలకూడదన్నట్టే, ఆ సీసా మూత నీళ్ళలో మునిగితే పనికిరాదు.

4 గంటలంటే 4 గంటలే అని ఎందుకంత పట్టు? 2017లో ఆఫ్రికాలోని దక్షిణ సూడాన్‌లో ఒకచోట కలిపిన తట్టు మందును చల్లదనం లేకుండా, ఒకే సిరంజితో నాలుగు రోజులు వేశారు. వేసినవాళ్ళకు ట్రైనింగ్ లేదు. 15 మంది పిల్లలు పోయారు. 2018 జూలైలో సమోవా అనే చిన్న దీవి దేశంలో, నర్సులు ద్రావకం బదులు మత్తు వైద్యంలో వాడే మందును పొడిలో కలిపారు. ఇద్దరు పసికందులు చనిపోయారు. అంతటితో ఆగలేదు. అక్కడ నెలల తరబడి ఆ టీకా ఆపేశారు, తల్లులు భయపడి దూరమయ్యారు. 2019 చివర్లో తట్టు విరుచుకుపడి 83 మంది ప్రాణాలు పోయాయి, ఎక్కువమంది చిన్నపిల్లలే. ఆ పొరపాటు జరగకపోతే ఆ 83 మందిలో ఎందరు బతికుండేవారో!

దూరదేశాల మాట ఎందుకు, 2019 మార్చిలో మన హైదరాబాద్ నాంపల్లిలోనే జరిగింది. టీకా బాగానే వేశారు. జ్వరం రాకుండా ఇచ్చే పారాసిటమాల్ బదులు పెద్దవాళ్ళ నొప్పి మాత్ర ట్రమడాల్ చేతిలో పెట్టారు. ఇద్దరు శిశువులు చనిపోయారు, ఎందరో ఆస్పత్రి పాలయ్యారు. 2021 జనవరిలో మన ఆదిలాబాద్‌ను ఆనుకుని ఉన్న యవత్మాల్ జిల్లాలో పోలియో చుక్కల బదులు 12 మంది పిల్లలకు చేతులు కడుక్కునే శానిటైజర్ పోశారు. అదృష్టం, పిల్లలు కోలుకున్నారు. ఈ రెండు చోట్లా టీకా మందులో లోపం లేదు. చేతికిచ్చే ముందు పేరు చదువుకునే అలవాటు లేకపోవడమే లోపం.

అడవిలో ట్రైనింగ్

చర్ల, దుమ్ముగూడెం వైపు ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన గొత్తికోయల గూడేలున్నాయి. వాన కురిస్తే వాగులు దాటాలి. మందు డబ్బా భుజాన వేసుకుని నడిచే పిల్లకు నీడ, చలువ, గంటల లెక్క అన్నీ తన బుర్రలోనే ఉండాలి, పక్కన అడగడానికి డాక్టరుండడు. ఫోన్లో పాఠాలు పెట్టారు గానీ సిగ్నలేదీ? పోనీ ఖమ్మం వద్దామంటే ఆవేళ గూడెంలో టీకా ఆగిపోతుంది. నన్నడిగితే ట్రైనర్లే అక్కడికి వెళ్ళి, ఆ డబ్బా తెరిపించి, అక్కడే నేర్పాలి. పట్నం హాల్లో ఫ్యాన్ కింద విన్న మాట వాగు ఒడ్డున ఎంతవరకు గుర్తుంటుంది?

ప్రైవేటు క్లినిక్కుల సంగతి ఇంకోటి. ఒక చోట టీకా మందులున్న ఫ్రిజ్ తలుపు తెరిస్తే, పక్కనే టిఫిన్ డబ్బా ఉంది. రోజుకు ఎన్నిసార్లు తెరుస్తారో, కరెంటు పోతే ఏం చేస్తారో! సర్కారు సిస్టర్‌కు పెట్టిన ట్రైనింగ్ ఆ కాంపౌండరుకూ పెట్టాలని నేనంటాను. డబ్బు కట్టించుకున్నంత మాత్రాన చెయ్యి శుద్ధి అయిపోదు.

మీరు అడగాల్సినవి

టీకా వేశాక సిస్టర్ నాలుగు మాటలు చెప్పి తీరాలి. ఏ టీకా వేశాను, దేనికి వేశాను. ఏం ఇబ్బంది రావచ్చు, వస్తే ఏం చేయాలి. మళ్ళీ ఎప్పుడు రావాలి. కార్డు భద్రంగా పెట్టుకుని వచ్చేటప్పుడు తేవాలి. హడావిడిలో మరిచిపోతే మీరే అడగండి. మాత్రలిస్తే పేరు పైకి చదివించుకోండి. ఎంత ఇవ్వాలన్నది పిల్ల బరువును బట్టి అడగండి. వంట పడిపోతోందని వెంటనే బయల్దేరకండి, అరగంట కూచోండి. నూటికో కోటికో అన్నట్టు ఒళ్ళు దద్దుర్లెక్కి ఊపిరందకపోతే, ఆ క్షణంలో ఇవ్వాల్సిన ఇంజెక్షన్ పెట్టె ఆమె దగ్గరే ఉంటుంది, ఎలా ఇవ్వాలో కూడా నేర్పి ఉంటారు.

ఇంటికొచ్చాక సూది పడిన చోట పసుపు, సున్నం, నూనె ఏమీ రాయకండి, రుద్దకండి. పుట్టగానే ఎడమ భుజానికి వేసే బీసీజీ కొన్ని వారాలకు చిన్న పొక్కై, చిదిమి, మచ్చ పడుతుంది. దాన్ని కూడా అలాగే వదిలేయండి. మచ్చ పడలేదని మళ్ళీ వేయమని సిస్టర్‌తో పోట్లాడకండి. అక్కర్లేదని ఇప్పటి ట్రైనింగుల్లో చెబుతున్నారు.