లోహశోధక యంత్రమును తెగిన తీగయును

నేలలో మఱుగుపడిన లోహమును పసిగట్టు యంత్రమును మనవారు మెటల్ డిటెక్టరందురు. మన పాఠశాల విజ్ఞానశాలలోను ఒకటి కలదు. గత వేసవిలో ఒక విద్యార్థి తల్లిగారి పుస్తెలు కళ్లములో జాఱిపడగా వెదకుటకు దానిని గొనిపోయితిమి. కఱ్ఱను కదిపినంతనే యంత్రము కారణము లేకయే కూయసాగెను, నిలిపినచో మూగవోయెను. రెండు దినములలో ఆ కళ్లమును దున్నించుటకు ఏర్పాటై యుండెను. చీకటిపడువఱకు శ్రమించి వట్టిచేతులతో మరలితిమి. పరీక్షింపగా, దోషము యంత్రమునందు గాక దాని కేబులునందున్నట్లు తేలినది.

యంత్రపు అడుగుననున్న పళ్లెములో సన్నని రాగితీగచుట్టలు రెండుండును. మొదటిదానిలో సెకనునకు వేలకొలది పర్యాయములు దిశ మార్చుకొను విద్యుత్తు ప్రవహించి, నేలలోనికి అయస్కాంతబలమును ప్రసరింపజేయును. అది సోకిన లోహమునందు చిన్న విద్యుత్సుడులు పుట్టును. వానివలన గలుగు ప్రతిబలమును రెండవ చుట్ట గ్రహించును. లోహము లేనపుడు మొదటిచుట్ట ప్రభావము రెండవదానిపై రద్దగునట్లు రెంటిని అమర్చెదరు. 1881వ సంవత్సరమున అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డుగారి దేహములోని తుపాకిగుండును వెదకుటకు గ్రాహంబెల్లుగారు వాడినది ఇట్టి సాధనమే. గుండు దొరకలేదు. వైద్యుడు కుడిప్రక్కనే వెదకనిచ్చెను, గుండేమో ఎడమప్రక్క నుండెను. పరుపులోని ఉక్కుతీగలును గందరగోళము కలిగించెను. ఈ తుల్యత యెంత సున్నితమో దీనివలన తెలియగలదు.

ఆ పళ్లెమునుండి పైపెట్టెకు వచ్చు కేబులులో చుట్టలకు చెందిన నాలుగు తీగలును, వానిని కప్పి బయటి విద్యుత్ప్రభావములను అడ్డగించు రాగి అల్లికయు నుండును. ప్లగ్గు మొదట ఈ కేబులు నిత్యము వంగుచుండును గనుక, పైతొడుగు చెక్కుచెదరకున్నను లోపలి తీగ విఱుగును. విఱిగిన కొనలు ఒకపుడు తాకుచు, ఒకపుడు ఎడబాయుచునుండుటయే ఆ వృథాకూతలకు హేతువు. ప్లగ్గు నూడదీసి మీటరు తగిలించి, కేబులును అంగుళమంగుళముగా వంచుచు చూచితిమి. ప్లగ్గుకు 2 అంగుళముల దూరమున మీటరు ముల్లు ఎగిరిపడెను.

విఱిగినచోటికి జానెడు పైగా కేబులును కోసివేసితిమి. కోసిన తునకను పాఱవేయరాదు. అందలి ఒక్కొక్క రంగుతీగ ప్లగ్గునందలి యే సూదికి పోవునో మీటరుతో చూచి కాగితముపై వ్రాసికొనవలయును. మూడింటి స్థానము తెలిసినచో, విఱిగిన నాల్గవదాని స్థానము దానంతట తెలియును. ఒకే చుట్టకు చెందిన రెండు తీగలను తాఱుమాఱు చేసినను యంత్రము పలుకును. గాని ఇనుమునకును మంచి లోహములకును భేదమెఱుగు శక్తి చెడును. మా తొమ్మిదవ తరగతి బాలురు మొదట ఈ పొరపాటే చేసిరి! సన్నని తీగలపైనున్న వార్నిషుపూతను గీచివేసి, తగరము పట్టించి, క్రొత్త ప్లగ్గునకు సోల్డరు చేయవలయును. అల్లికను మునుపున్న సూదికే కలుపవలెను. అది ఇతర తీగలను తాకరాదు. పిదప కేబులు మెడను బిగించి పట్టు కట్టవలయును. ఇది లేనిచో సోల్డరుపై లాగుడు పడి, మరల అచ్చటనే తెగును.

కేబులు ఎంత కురుచ చేసినను బాధలేదని తలపరాదు. ప్రక్కప్రక్కనున్న తీగలు కొంత విద్యుత్తును నిలువ చేయును. ఆ నిలువ కేబులు పొడవును బట్టి యుండును. చుట్టల శ్రుతి దానితో ముడిపడి యున్నది. జానెడు తగ్గుటవలన భేదము స్వల్పము. సగము కోసినచో శ్రుతి తప్పవచ్చును. మిగిలినదానిని కఱ్ఱకు గట్టిగా చుట్టవలెను. పళ్లెమువద్ద వ్రేలాడు కేబులు కూడ రాగియే గదా, అది ఊగినను యంత్రము కూయును.

మఱునాటి ప్రాతఃకాలమున తిరిగి వెదకితిమి. పుస్తెలు 2 అంగుళముల లోతున, మొదటి దినమున మేము రెండుసార్లు దాటిపోయిన చోటనే దొరకినవి.